పందుల్లో కొవ్వు ఎంత, ఎక్కడ: మంచి మాంసం కోసం జన్యుపరమైన ఎంపిక చేసే విధానం

పంది ఒంట్లో కొవ్వు నాలుగు చోట్ల చేరుతుంది. చర్మం కింద వీపు పొడవునా పరుచుకునేది మొదటిది. పొట్ట లోపల మూత్రపిండాలను కప్పి ఉండేది రెండవది. ఒక కండరానికీ మరో కండరానికీ నడుమ నిండేది మూడవది. కండరంలోనే, పోగుల గుత్తుల మధ్య సన్నని తెల్లని గీతల్లా కనిపించేది నాలుగవది. మొదటి మూడూ మోతాదు మించితే పెంపకందారుకు మేత దండుగ, ఎందుకంటే ఎక్కువ భాగం నీరే అయిన కండ ఒక కిలో పెరగడానికి పట్టే శక్తి కంటే ఒక కిలో కొవ్వు చేరడానికి పట్టే శక్తి చాలా ఎక్కువ. నాలుగవదానికి మాత్రం రుచిలో, మెత్తదనంలో, నమిలేటప్పుడు ఊరే రసంలో పాత్ర ఉంది. నడుము కండలో ఈ కొవ్వు 2 నుంచి 3 శాతం ఉంటే మాంసం తినడానికి బాగుంటుందని సాధారణంగా భావిస్తారు. అది 1 శాతం దగ్గరకు పడిపోతే వండిన ముక్క పొడిబారి పీచుగా ఉంటుంది.

వీపు కొవ్వును పలుచన చేయడమే ధ్యేయంగా అనేక తరాలు సాగిన ఎంపిక, కండలోని కొవ్వును కూడా తనతోపాటు కిందికి లాక్కుపోయింది. ఈ రెండింటి మధ్య జన్యు సహసంబంధం సుమారు 0.3 మాత్రమే. అంటే ఒకదానిని మార్చితే రెండవది కొంత కదులుతుంది గానీ, దానికి పూర్తిగా కట్టుబడి ఉండదు. పని మొత్తం ఈ సందులోనే ఉంది: వీపు మీద పలుచగా, కండలో తగినంతగా కొవ్వు ఉన్న పందులు ఏ మందలోనైనా కొన్ని ఉంటాయి, వాటిని గుర్తించి, వాటికే పిల్లలు పుట్టేలా చూడాలి. అందుకు నేను సూచించే వరుస ఇది: ముందు నమ్మదగిన కొలతలు, తరువాత పెద్ద ప్రభావం గల ఒక్కొక్క జన్యువు విషయంలో పరీక్ష, ఆ పిమ్మట చిన్న ప్రభావాలు గల వేలాది జన్యువులను ఒక్కటిగా లెక్కించే ఎంపిక. ఈ వరుస తప్పితే, ముఖ్యంగా కొలతలు లేకుండా డీఎన్ఏ పరీక్షలతో మొదలుపెడితే, ఖర్చు అవుతుంది గానీ మంద మారదు.

కొలతలు

వీపు కొవ్వును బతికి ఉన్న పందిలోనే అల్ట్రాసౌండ్‌తో కొలవవచ్చు. చివరి పక్కటెముక దగ్గర, వెన్ను మధ్యగీత నుంచి 65 మిల్లీమీటర్ల దూరంలో కొలవడం విస్తృతంగా పాటించే పద్ధతి. స్థానం ఏదైనా కావచ్చు గానీ ప్రతి పందికీ అదే స్థానం కావాలి. కొలిచే రోజున పంది బరువును తప్పక నమోదు చేసి, అన్నింటినీ ఒకే బరువుకు, ఉదాహరణకు 100 కిలోలకు, సరిచేసి పోల్చాలి. లేకపోతే బరువైన పందిని కొవ్వు పందిగా పొరపడతాము. వృషణాలు తీసిన మగవాటిలో కొవ్వు ఎక్కువ, వృషణాలు ఉన్న మగవాటిలో తక్కువ, ఆడవి ఈ రెండింటికీ నడుమ ఉంటాయి కాబట్టి పోలిక ఒకే లింగంలో, ఒకే కాలంలో ఒకే మేతతో పెరిగిన గుంపులోపలే జరగాలి.

మేత సంగతిని ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. మేతలో లైసిన్ అనే అమైనో ఆమ్లం గాని, మొత్తం మాంసకృత్తులు గాని తగ్గితే కండ పెరుగుదల కుంటుపడి, కండలోని కొవ్వు శాతం పెరుగుతుంది. ఒక పాకలో పాత మేత, మరో పాకలో కొత్త మేత వేసి, రెండు పాకల పందులను కలిపి పోల్చితే, మేత చేసిన పనిని జన్యువుల ఖాతాలో రాసుకుంటాము. అటువంటి ఎంపిక ఎన్ని తరాలు సాగినా ఫలితం ఉండదు.

కండలోని కొవ్వును కొలవడం ఇంతకంటే కష్టం. అల్ట్రాసౌండ్ చిత్రాల నుంచి అంచనా వేసే పద్ధతులు ఉన్నప్పటికీ, నమ్మకమైన విలువ వధించిన పంది నడుము కండ ముక్కను రసాయనికంగా పరీక్షించినప్పుడే వస్తుంది. వధించిన పంది ఇక పిల్లలను కనదు కాబట్టి, దాని తోబుట్టువుల విలువను దాని కొలత ద్వారా అంచనా వేయాలి. ప్రతి ఈత నుంచి ఒకటి రెండు పిల్లలను ఇందుకు కేటాయించడం మంచిది. నడుము కండ పొడవునా కొవ్వు శాతం ఒకేలా ఉండదు. అందువల్ల ముక్కను ఎప్పుడూ అదే పక్కటెముక దగ్గర కోయాలి.

మాంసపు నాణ్యతకు ఆమ్లత కొలత తప్పనిసరి. బతికి ఉన్న కండలో పీహెచ్ (ఆమ్లత పెరిగేకొద్దీ తగ్గే అంకె) 7 కు దగ్గరగా ఉంటుంది. వధ తరువాత కండలో నిల్వ ఉన్న గ్లైకోజన్ అనే పిండి పదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారుతూ పోగా, 24 గంటలకు పీహెచ్ సాధారణంగా 5.4 నుంచి 5.7 మధ్యకు చేరుతుంది. రెండు సమయాల్లో కొలవాలి: 45 నిమిషాలకు ఒకసారి, 24 గంటలకు మరొకసారి. మొదటి కొలత ఆమ్లం ఎంత వేగంగా పుట్టిందో చెబుతుంది, రెండవది మొత్తం మీద ఎంత పుట్టిందో చెబుతుంది. ఆమ్లం మరీ వేగంగా పుట్టడానికీ, మరీ ఎక్కువగా పుట్టడానికీ కారణమయ్యే జన్యువులు వేర్వేరు కాబట్టి ఒక్క కొలతతో సరిపెట్టుకోరాదు. కళేబరం ఇంకా వేడిగా ఉండగానే పీహెచ్ 6 కంటే దిగువకు పడిపోతే కండలోని మాంసకృత్తులు చెడి, నీటిని పట్టుకోలేక, మాంసం పాలిపోయి మెత్తబడి నీరు కారుతుంది. అందుకు విరుద్ధంగా, వధకు ముందు అలసట వల్ల గ్లైకోజన్ అయిపోయిన పందిలో 24 గంటల పీహెచ్ 6 కు పైనే నిలిచి, మాంసం నల్లగా, గట్టిగా, పొడిగా ఉండి త్వరగా పాడవుతుంది. మాంసం నల్లబడే ఈ దోషంలో జన్యువుల కంటే రవాణాలోనూ వధశాలలోనూ పందిని ఎలా చూశారన్నదే ముఖ్యం. దానిని ఎంపిక ద్వారా సరిచేయాలని చూడటం వృథా ప్రయాస.

ఒక్కొక్క పెద్ద జన్యువు

పందికి 19 జతల క్రోమోజోములు ఉన్నాయి. వాటి మీద చెదరి ఉన్న వేల జన్యువుల్లో కొన్నిటికి మాత్రం ఒంటరిగానే మాంసాన్ని మార్చగల బలం ఉంది. వాటిని ముందు తేల్చుకోవాలి.

మొదటిది ఆర్‌వైఆర్1. ఇది 6వ క్రోమోజోము మీద ఉంది. కండర కణం లోపలి నిల్వల నుంచి కాల్షియంను విడుదల చేసే ద్వారాన్ని ఈ జన్యువు తయారుచేస్తుంది. ఆ ద్వారపు మాంసకృత్తిలో 615వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు సిస్టీన్ వచ్చే మార్పును 1991లో గుర్తించారు. మార్పు చెందిన ద్వారం సులభంగా తెరుచుకుని త్వరగా మూసుకోదు. పంది బెదిరినా, ఎండదెబ్బ తగిలినా, కొట్లాడినా కండరాలు బిగుసుకుని ఒళ్లు కాలిపోయి అక్కడికక్కడే చనిపోవచ్చు. బతికి వధశాలకు చేరినా ఆమ్లం మరీ వేగంగా పుట్టి, పైన చెప్పిన పాలిపోయి నీరు కారే మాంసం వస్తుంది. హాలోథేన్ అనే మత్తు వాయువును పీల్పించినప్పుడు ఇటువంటి పందులు కాళ్లు బిగుసుకునేవి కాబట్టి దీనికి హాలోథేన్ జన్యువు అన్న పేరు నిలిచింది.

ఈ దోషం అంతర్గతమైనది, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే ఆ జన్యువు రెండు ప్రతులూ మారినప్పుడే పూర్తిగా బయటపడుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుంటే పరీక్ష ఎందుకు అవసరమో తెలుస్తుంది. మందలోని మొత్తం ప్రతుల్లో పదింట ఒకటి దోషపు ప్రతి అనుకుందాము. యాదృచ్ఛికంగా జతకట్టే మందలో 100 పందులకు ఒక్కటి మాత్రమే రెండు దోషపు ప్రతులతో పుడుతుంది. దానిని మనం చూసి తీసివేయగలము. కానీ అదే మందలో 18 పందులు ఒక్కొక్క దోషపు ప్రతిని దాచుకుని ఆరోగ్యంగా తిరుగుతుంటాయి. పైకి కనిపించేవాటిని మాత్రమే తీసివేస్తూ పోతే ఈ 18 తరతరాలకూ దోషాన్ని అందిస్తూనే ఉంటాయి. హాలోథేన్ వాయువు పరీక్ష కూడా దాదాపుగా రెండు ప్రతులున్నవాటినే పట్టుకునేది. డీఎన్ఏ పరీక్ష వచ్చిన తరువాతే దాచుకున్నవాటిని గుర్తించడం సాధ్యమైంది. అందుకు కొన్ని వెంట్రుకల కుదుళ్లు గాని, చెవి నుంచి చిన్న ముక్క గాని, కొద్దిగా రక్తం గాని చాలు.

ఇంత హాని చేసే ప్రతి ఇన్నాళ్లు ఎలా నిలిచిందంటే, అది కండను పెంచుతుంది కాబట్టి. పీట్రెయిన్ జాతిలో అది బాగా వ్యాపించడానికి కారణం ఇదే. ఒక్క దోషపు ప్రతి ఉన్న పంది కూడా కాస్త కండగా ఉంటుంది, అందుచేత తెలిసి తెలిసి మగ వంశంలో దానిని నిలిపి ఉంచిన పెంపకందారులూ ఉన్నారు. నా అభిప్రాయంలో ఈ బేరం గిట్టుబాటు కాదు: ఒక్క ప్రతి ఉన్నప్పుడు కూడా మాంసం నుంచి కారే నీరు పెరుగుతుంది, మరణాల ముప్పూ పూర్తిగా పోదు, పైగా అంత కండను దోషం లేని ఇతర జన్యువుల ద్వారా కూడా సంపాదించవచ్చు. ప్రజననానికి ఉంచే మగ పందులన్నింటినీ పరీక్షించి, దోషపు ప్రతి లేనివాటినే ఉంచుకోవాలి. మందలో ఈ ప్రతి మరీ ఎక్కువగా ఉండి, ఒక్కసారిగా తీసివేస్తే మంచి వంశాలు కొన్ని కనుమరుగయ్యే పరిస్థితి ఉంటే, దాచుకున్న పందిని నిర్దోషితో జతకట్టించి, పుట్టిన పిల్లల్లో నిర్దోషులైన సగాన్ని ఎంచుకోవచ్చు.

రెండవది 15వ క్రోమోజోము మీది పీఆర్‌కేఏజీ3. హ్యాంప్‌షైర్ జాతిలో కనిపించే ఒక మార్పు వల్ల కండలో గ్లైకోజన్ నిల్వ దాదాపు 70 శాతం ఎక్కువవుతుంది. దీని మూలాన్ని 2000లో కనుగొన్నారు. గ్లైకోజన్ ఎక్కువ కాబట్టి చివరకు పుట్టే ఆమ్లమూ ఎక్కువ. 45 నిమిషాల పీహెచ్ మామూలుగానే ఉండి, 24 గంటల పీహెచ్ మాత్రం కిందికి దిగుతుంది. ఈ మాంసం నీటిని నిలుపుకోలేదు కాబట్టి ఉడికించి నిల్వచేసే తొడ మాంసం తయారీలో బరువు బాగా తగ్గిపోతుంది. ఇది బహిర్గత లక్షణం: ఒక్క ప్రతి చాలు. అందువల్ల తొలగించడం మొదటిదాని కంటే తేలిక, ఎందుకంటే దాగి ఉండే పందులు ఉండవు. ఇదే జన్యువులో మరో స్థానంలో వచ్చే మార్పు గ్లైకోజన్‌ను తగ్గించి పీహెచ్‌ను కాస్త పైకి తెస్తుంది. పరీక్ష చేయించేటప్పుడు ఈ రెండు స్థానాలనూ అడగడం మేలు.

మూడవది ఐజీఎఫ్2. పందుల ప్రజననంలో నాకు అన్నింటికంటే ఆసక్తికరంగా తోచే జన్యువు ఇదే, తరచుగా తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే. 2వ క్రోమోజోము మీద ఈ జన్యువులో, మాంసకృత్తి నిర్మాణంలో పాల్గొనని భాగంలో, 3072వ స్థానంలో జి అక్షరానికి బదులు ఎ వస్తే, ఆ చోట అతుక్కుని జన్యువును అణచి ఉంచే ఒక మాంసకృత్తి ఇక అతుక్కోలేదు. ఫలితంగా కండరంలో ఈ జన్యువు మూడు రెట్లు ఎక్కువగా పనిచేస్తుంది. కండ పెరుగుతుంది, వీపు కొవ్వు తగ్గుతుంది. ఈ మార్పును 2003లో ప్రకటించారు.

విశేషం ఏమిటంటే కండరంలో తండ్రి నుంచి వచ్చిన ప్రతి మాత్రమే పనిచేస్తుంది, తల్లి ఇచ్చినది మౌనంగా ఉంటుంది. రెండు ప్రతులూ ఎ రూపమే అయిన మగ పందిని, రెండూ జి రూపమే అయిన ఆడ పందితో జతకట్టిస్తే పిల్లలన్నీ కండగా పెరుగుతాయి. జతను తిరగేసి, తండ్రిని జి రూపం నుంచి, తల్లిని ఎ రూపం నుంచి తీసుకుంటే పిల్లల జన్యు చిట్టా అక్షరం అక్షరం అదే, కానీ పిల్లలు కొవ్వు పడతాయి. ఇంకొక చిక్కు కూడా ఉంది. తల్లి నుంచి ఎ, తండ్రి నుంచి జి పొందిన మగ పంది స్వయంగా కొవ్వుగా కనిపిస్తుంది. అయినా తన పిల్లల్లో సగానికి ఎ ప్రతిని అందిస్తుంది, అవి కండగా వస్తాయి. ఈ పందిని దాని వీపు కొవ్వు చూసి తీసివేసిన పెంపకందారు మంచి విత్తనాన్ని పారేసుకున్నట్టే. అందుచేత మాంసం కోసం పెంచే పిల్లలకు తండ్రులయ్యే వంశంలో రెండు ప్రతులూ ఎ ఉండేలా చూసుకుని, తల్లుల వంశంలో జి రూపాన్ని ఉండనివ్వవచ్చు. పాలిచ్చే కాలంలో తల్లికి ఒంట్లో కొవ్వు నిల్వ కావాలి.

ఎంసీ4ఆర్, ఎల్‌ఈపీఆర్ జన్యువులు మెదడులో ఆకలిని అదుపు చేసేవి. మొదటిదానిలో 298వ స్థానంలోని మార్పు ఉన్న పందులు ఎక్కువ తిని, త్వరగా పెరిగి, ఎక్కువ కొవ్వు పడతాయి. ఎంత త్వరగా బరువుకు రావాలి, ఎంత కొవ్వును ఒప్పుకోవచ్చు అన్నదానిని బట్టి ఏ రూపం కావాలో నిర్ణయించుకోవాలి. రెండవదానిలోని ఒక రూపం ఐబీరియన్ జాతిలో సర్వసాధారణం, డ్యురాక్‌లోనూ ఉంది. అది వీపు కొవ్వునూ కండలోని కొవ్వునూ కలిపే పెంచుతుంది కాబట్టి మన అసలు ఉద్దేశానికి అంతగా పనికిరాదు. దానికంటే ఎస్‌సీడీ మీద దృష్టి పెట్టడం మంచిది. స్టియరిక్ అనే సంతృప్త కొవ్వు ఆమ్లాన్ని ఓలియిక్ అనే ఏకాసంతృప్త ఆమ్లంగా మార్చే ఎంజైమును ఈ జన్యువు ఇస్తుంది. డ్యురాక్‌లో దీని నియంత్రణ భాగంలోని ఒక రూపం కొవ్వు పరిమాణాన్ని మార్చకుండానే ఓలియిక్ ఆమ్లాన్ని పెంచుతుంది.

మిగిలిన వేలాది జన్యువులు

పెద్ద జన్యువులను సరిచేసిన తరువాత కూడా పందికీ పందికీ మధ్య కనిపించే తేడాలో అధిక భాగం అలాగే మిగిలి ఉంటుంది. అది ఒక్కొక్కటిగా లెక్కకు రానంత చిన్న ప్రభావాలు గల జన్యువుల సమష్టి ఫలితం. ఒక లక్షణంలోని తేడాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు చేరే వంతును అనువంశికతా గుణకం అంటారు. వీపు కొవ్వుకు ఇది సుమారు 0.4 నుంచి 0.6, కండలోని కొవ్వుకు సుమారు 0.5, చివరి పీహెచ్‌కు సుమారు 0.2, కారే నీటికి అంతకంటే కొంచెం తక్కువ. దీని అర్థాన్ని అంకెల్లో చూద్దాము. మంద సగటు వీపు కొవ్వు 14 మిల్లీమీటర్లు, ఎంచుకున్న మగవాటి సగటు 11, ఆడవాటి సగటు 13 అయితే తల్లిదండ్రుల సగటు 12. మంద కంటే తేడా 2 మిల్లీమీటర్లు, గుణకం 0.5 అయితే తరువాతి తరం సగటు 1 మిల్లీమీటరు తగ్గి 13కు వస్తుంది. గుణకం 0.2 మాత్రమే ఉన్న పీహెచ్ విషయంలో అంతే గట్టిగా ఎంచినా ఐదింట ఒక వంతే దక్కుతుంది. కాబట్టి కొవ్వును ఎంపికతో వేగంగా మార్చవచ్చు. నీరు కారడాన్ని తగ్గించడానికి పెద్ద జన్యువుల తొలగింపు, వధకు ముందరి శ్రద్ధ ఎక్కువగా ఉపయోగపడతాయి.

వీపు కొవ్వు, పెరుగుదల, మేత వినియోగం, కండలోని కొవ్వు, పీహెచ్ అన్నింటినీ వాటి ప్రాధాన్యాన్ని చూపే తగిన బరువులతో కలిపి ప్రతి పందికీ ఒకే సూచిక సంఖ్యను కట్టాలి. ఒక్కొక్క లక్షణానికి ఒక్కొక్క గీత గీసి, దేనిలో తప్పినా తీసివేసే పద్ధతి కంటే ఇది మేలైనది, ఎందుకంటే కండలోని కొవ్వులో అసాధారణమైన పంది వీపు కొవ్వులో కాస్త వెనుకబడినా సూచికలో నిలబడుతుంది. కండలోని కొవ్వుకు ఇచ్చే బరువు సున్నా అయితే అది మారకుండా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వీపు కొవ్వుతో ఉన్న సంబంధం వల్ల తరతరానికీ తగ్గుతూనే పోతుంది. దానిని ఉన్నచోట ఉంచాలన్నా సూచికలో కొంత బరువు ఇవ్వక తప్పదు.

జన్యుపటం అంతటా పరచుకున్న 60 వేలకు పైగా గుర్తులను (పందికీ పందికీ డీఎన్ఏ అక్షరం మారే చోట్లను) ఒకేసారి చదివే చిప్ 2009 నుంచి పందులకు అందుబాటులో ఉంది. కొలతలూ గుర్తులూ రెండూ ఉన్న పెద్ద గుంపు ఆధారంగా ప్రతి గుర్తుకూ విలువ కట్టి, కొలత లేని చిన్న పిల్లకు కూడా అంచనా చెప్పవచ్చు. వధిస్తే తప్ప కొలవలేని లక్షణాలకు ఇది నిజమైన వరం. అయితే ఆధారపు గుంపు డ్యురాక్‌ది అయితే ఆ అంచనాలను ల్యాండ్‌రేస్ పందుల మీద నమ్మరాదు, అదే జాతిలోనైనా కొన్ని తరాలకు ఒకసారి కొత్త కొలతలు చేర్చకపోతే గురి తగ్గిపోతుంది. సొంతంగా ఇంత గుంపును పోషించలేని పెంపకందారు, ఆ అంచనాలు ఇచ్చే ప్రజనన కేంద్రం నుంచి మగ పందిని గాని వీర్యాన్ని గాని తెచ్చుకుని, కండలోని కొవ్వు విలువను ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవడం మంచి మార్గం.

పలుచదనానికి ఉన్న హద్దు

వీపు కొవ్వు మరీ పలుచబడితే దాని గుణమే మారుతుంది. పంది తన కొవ్వు కణాల్లోనే పిండి పదార్థాల నుంచి సంతృప్త, ఏకాసంతృప్త ఆమ్లాలను తయారుచేసుకుంటుంది. లినోలియిక్ ఆమ్లం మాత్రం మేత నుంచే రావాలి. తయారీ తగ్గిన పలుచని పందిలో మేత నుంచి వచ్చిన లినోలియిక్ ఆమ్లపు వంతు పెరిగి, కొవ్వు మెత్తబడి జిడ్డుగా మారి, పొరలు విడిపోతాయి, గాలి తగిలితే త్వరగా కంపు కొడుతుంది. నిల్వ మాంసం తయారుచేసేవారికి ఇది పెద్ద ఇబ్బంది. తల్లి పందుల్లోనైతే పలుచదనం మరో రకంగా దెబ్బతీస్తుంది: పాలిచ్చే రోజుల్లో ఒంటి నిల్వలు కరిగిపోయి, మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది.

ఈ కారణాల వల్ల తండ్రి వంశాన్నీ తల్లి వంశాన్నీ వేరువేరు సూచికలతో నడపాలి. ల్యాండ్‌రేస్, లార్జ్ వైట్ కలయికతో వచ్చిన తల్లులను, కండలో కొవ్వు ఎక్కువగా చేరే డ్యురాక్ మగ పందితో జతకట్టించడం ఈ ఆలోచనకు తగిన ఏర్పాటు. కండ పరిమాణమే ముఖ్యమైన చోట పీట్రెయిన్ తండ్రిని వాడవచ్చు గానీ హాలోథేన్ దోషం లేని వంశం నుంచే తీసుకోవాలి.

ఎంపిక నిజంగా పనిచేస్తోందో లేదో తెలుసుకునే ఏర్పాటు మొదటి ఏడాదే చేసుకోవాలి. ప్రారంభంలో వాడిన రెండు మూడు మగ పందుల వీర్యాన్ని గడ్డకట్టించి భద్రపరచి, నాలుగైదు తరాల తరువాత దానితో కొన్ని ఈతలు తీయించి, ఆ పిల్లలను ఇప్పటి మగ పందుల పిల్లలతో కలిపి ఒకే పాకలో, ఒకే మేతతో పెంచి, ఒకే రోజున వధించి కొలవాలి. తండ్రులు పిల్లలకు ఇచ్చేది సగమే కాబట్టి కనిపించిన తేడాను రెట్టింపు చేస్తే ఈ కాలంలో తండ్రి వంశంలో జన్యుపరంగా వచ్చిన మార్పు దాదాపుగా తెలుస్తుంది. వీపు కొవ్వు తగ్గి, కండలోని కొవ్వు కూడా తగ్గినట్టు తేలితే, సూచికలో దాని బరువును వెంటనే పెంచి, వధించి కొలిచే తోబుట్టువుల సంఖ్యను కూడా పెంచాలి.